రస్ట్ కంపైలర్, మా ప్రెస్‌లో తెలుగు పేర్లు

రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష గురించి ఎవరు రాసినా బారో చెకర్‌తో మొదలుపెడతారు. ఏ డేటా ఎవరి చేతిలో ఉందో కంపైల్ చేసేటప్పుడే, అంటే రాసిన కోడ్‌ని కంప్యూటర్ నడిపే రూపంలోకి మార్చేటప్పుడే, నిలదీసే భాగం అది. గొప్పదే, కాదనను. నాకు మాత్రం ఈ భాష మీద గురి కుదిరింది తెలుగు పేర్ల దగ్గర.

నాన్నకి తెనాలిలో శుభలేఖలు వేసే ప్రెస్ ఉంది. ముహూర్తాల సీజన్‌లో కవర్ల మీద పేర్లు కూడా మేమే ప్రింట్ చేసిస్తాం. పొడుగు పేరు లైనులో పట్టకపోతే కత్తిరించాలి. అందుకోసం ఎవరో ఎప్పుడో సీ భాషలో రాసిచ్చిన ప్రోగ్రాం బైట్ల లెక్కన కోసేది. అక్షరాల్ని కంప్యూటర్‌లో బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికి 3 బైట్లు, దాని పక్కన చేరే గుణింతపు గుర్తుకి 3, పొల్లుకి 3. కోత ఏ మూడు బైట్ల మధ్యలో పడినా పేరు చివర ఒక పిచ్చి డబ్బా వచ్చేది. పెళ్లివారికి ఒళ్లు మండదా మరి!

రస్ట్‌లో "తెలుగు" అనే స్ట్రింగ్ (అక్షరాల వరస) నుంచి ఒక్క బైటు కోసి ఇమ్మంటే ప్రోగ్రాం అక్కడే పానిక్ అయి ఆగిపోతుంది. ఎందుకు ఆగిందో కూడా చెబుతుంది: మీరడిగిన చోటు అక్షరం సరిహద్దు కాదు, 'త' లోపల ఉంది, ఆ 'త' 0 నుంచి 3 దాకా ఉంది అని. కవర్లు పాడయ్యాక చూసుకోవడం కన్నా ఇదే నయం.

అంతటితో తీరే చిక్కు కాదిది. "తెలుగు" 18 బైట్లు, రస్ట్ లెక్కలో 6 క్యారెక్టర్లు (గుణింతపు గుర్తూ, పొల్లూ విడివిడిగా లెక్క), మన కంటికి 3 అక్షరాలు. "స్త్రీ" కూడా 18 బైట్లే, 6 క్యారెక్టర్లే, కానీ కంటికి ఒక్కటే అక్షరం. క్యారెక్టర్ల లెక్కన కోస్తే రామకృష్ణ గారు "రామకృష్" అయిపోతారు. కంటికి కనిపించే అక్షరాల లెక్క స్టాండర్డ్ లైబ్రరీలో లేదు, యూనికోడ్-సెగ్మెంటేషన్ అనే క్రేట్ (వేరేవాళ్లు రాసిపెట్టిన కోడ్ ప్యాకేజీ) తెచ్చుకోవాలి. అది కూడా కొత్తదై ఉండాలి. తెలుగు ఒత్తుని దాని అక్షరంతో కలిపి ఒకటిగా లెక్కపెట్టే నియమం 2023లో అన్ని లిపుల్నీ కంప్యూటర్‌కి నిర్వచించే యూనికోడ్ ప్రమాణం 15.1 వెర్షన్‌తోనే వచ్చింది.

2021 జూన్‌లో వచ్చిన రస్ట్ 1.53 వెర్షన్ నుంచి వేరియబుల్స్‌కి, ఫంక్షన్లకి తెలుగు పేర్లు పెట్టుకోవచ్చు. నా ప్రోగ్రాంలో 'కత్తిరించు' అనే ఫంక్షన్ ఉంది. ఇంగ్లిష్ పేరైతే ఇక్కడ పెద్ద అక్షరం, అక్కడ చిన్న అక్షరం అని కంపైలర్ హెచ్చరికలతో సతాయిస్తుంది. తెలుగుకి ఆ గొడవే లేదు. ఒకే ఒక్క తిరకాసు: 'కవర్‌ధర' లాంటి పేరులో 'ర్' కింద ఒత్తు చేరకుండా కీబోర్డు మధ్యలో ఒక కనిపించని గుర్తు పెడుతుంది. రస్ట్ పేర్లలో దానికి చోటు లేదు, కంపైలర్ ఎర్రర్ ఇస్తుంది. 'కవర్_ధర' అని రాసుకుంటే సరి. కంటికి ఒకేలా ఉండి లోపల వేరైన రెండు పేర్లు ఒకే ప్రోగ్రాంలో దూరకూడదనే జాగ్రత్త అది. నాకు సబబుగానే తోచింది.

పాత ప్రోగ్రాం రాసినాయన ఎక్కడున్నాడో తెలియదు. అందుకే రేపు నా కోడ్ ఎవరి చేతిలో పడినా కంపైల్ అవుతుందా అన్నదే నా బెంగ. రస్ట్ 1.0 వచ్చింది 2015 మేలో. ఆరు వారాలకో కొత్త వెర్షన్ వస్తున్నా, అప్పటి నియమాలతో (2015 ఎడిషన్) రాసిన కోడ్‌ని నేటి కంపైలర్ తీసుకుంటుంది. వెర్షన్ మారితే ఎవరి కోడ్ విరుగుతుందో చూడటానికి క్రేటర్ అనే పనిముట్టుతో బయట జనం రాసిన క్రేట్లనే కంపైల్ చేసి చూస్తారు. ఇంత శ్రద్ధ ఉన్నవాళ్లు కంపైల్ వేగం సంగతీ చూస్తే బాగుండు! మా ప్రెస్‌లో పాత కంప్యూటర్ మీద మొదటి బిల్డ్ అయ్యేలోపు టీ తాగి రావచ్చు. కంపైల్ చేసినవన్నీ చేరే టార్గెట్ ఫోల్డర్ సైజు గురించి అడక్కండి.

అక్షరాలు లెక్కపెట్టడం వచ్చినా, 'స్త్రీ'కి, 'ల'కి వెడల్పు ఒకటి కాదు కదా. అది ఫాంట్‌ని అడగాల్సిన లెక్క, ఆ పని ఇంకా మొదలుపెట్టలేదు. ఈలోగా నాన్న కొత్త షరతు పెట్టారు: పేరెంత పొడుగున్నా సరే, చివర 'గారు' మాత్రం తెగకూడదట.