రెండో సీటు వేస్తే మొదటిది చల్లబడేది

మా కారు ఇంట్లో కట్టుకున్నది. ఇనుప గొట్టాలతో ఛాసిస్, అంటే బండి చట్రం వెల్డింగ్ చేసి, దాని మీద ఫైబర్ బాడీ కూర్చోబెట్టి, వైరింగంతా నేనూ నాన్నా కలిసి లాగాం. పైకప్పు లేని బండి. చలిగాలికి నాన్నకి నడుం పట్టేస్తుందని అన్నీ అయ్యాక రెండు సీట్లకీ హీటింగ్ ప్యాడ్లు తెచ్చి పెట్టాను. సీటు కవర్లు విప్పి, స్పాంజి మీద ప్యాడ్లు అతికించి, మళ్లీ కవర్లు తొడగడానికి రెండు రోజులు పట్టింది. స్విచ్ నొక్కగానే ఎర్ర లైటు వెలిగింది, చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే రిలే టక్కుమంది. పది నిమిషాలు కూర్చున్నా ఏదో ఉందా లేదా అన్నట్టు ఉంది తప్ప సీటు వేడెక్కలేదు.

ఆ ఎర్ర లైటు నన్ను మూడు సాయంత్రాలు పక్కదారి పట్టించింది. స్విచ్‌లో ఉండే చిన్న ఎల్ఈడీ వెలగడానికి కొన్ని మిల్లీ ఆంపియర్లు చాలు. సీటు వేడెక్కాలంటే నాలుగు ఆంపియర్లు కావాలి. లైటు వెలుగుతోంది కాబట్టి కరెంటు వస్తోందనుకుని, ప్యాడ్ కనెక్టర్ ఊడదీసి మల్టీమీటర్ పెట్టాను. 12.6 వోల్టులు చూపించింది. వైరింగ్ బాగానే ఉందని తీర్మానించి మొదట రిలే మార్చాను, తర్వాత స్విచ్ మార్చాను. తేడా లేదు. ఇక ప్యాడే పోయిందేమోనని మధ్యలో ఫ్యూజు పెట్టి నేరుగా బ్యాటరీకి కలిపి చూస్తే రెండు నిమిషాల్లో అరచేతికి వేడి తగిలింది. రెసిస్టెన్స్ కొలిచాను. కింది ప్యాడ్, వీపు ప్యాడ్ కలిపి సీటుకి 3 ఓములు, రెండు సీట్లకీ అంతే. విడివిడిగా చూస్తే ప్రతి భాగమూ మంచిదే. అన్నీ కలిపితే సీటు చల్లగా ఉంటోంది.

దారి చూపించింది నాన్న. ఆయన పక్క సీటు మీద చెయ్యి పెట్టి కూర్చున్నాడు.

"నీ స్విచ్ ఓసారి ఆపు," అన్నాడు. ఆపాను.

కాసేపటికి, "ఇప్పుడు కాస్త వెచ్చగా తెలుస్తోంది. మళ్లీ వెయ్యి," అన్నాడు. వేశాను. ఇంకో రెండు నిమిషాలు చెయ్యి తియ్యలేదు.

"నువ్వు వేస్తే నాది చల్లబడుతోందిరా."

అప్పుడు నేనూ ఒకటి గమనించాను. మా స్విచ్‌లో హై, లో అని రెండు మెట్లున్నాయి. హైలో పెడితే కింది ప్యాడూ వీపు ప్యాడూ దేనికది బ్యాటరీకి కలుస్తాయి. లోలో పెడితే ఒకదాని వెనక ఒకటి కలుస్తాయి, కాబట్టి వేడి నాలుగో వంతుకి పడిపోవాలి. మా బండిలో హైకీ లోకీ తేడానే తెలియడం లేదు. ప్యాడ్ పోతే ఒక సీటే చల్లబడుతుంది. ఒక సీటు వేస్తే రెండోది చల్లబడుతోందంటే, రెండింటికీ ఉమ్మడిగా ఉన్న దారిలో ఎక్కడో ఇరుకుంది. కరెంటు ఎక్కువ లాగేకొద్దీ ఆ ఇరుకులోనే వోల్టేజి పోతోంది.

ఈసారి కనెక్టర్ ఊడదియ్యలేదు. రెండు సీట్లూ హైలో పెట్టి, కనెక్టర్ వెనక నుంచి వైరు పక్కగా సన్నటి పిన్ను దూర్చి కొలిచాను. బ్యాటరీ దగ్గర 12.4, ప్యాడ్ దగ్గర 5.3. కనెక్టర్ ఊడదీసి కొలిచినప్పుడు ఆ దారిలో కరెంటు పారడమే లేదు. పారనప్పుడు ఇరుకు ఎంతున్నా వోల్టేజి తగ్గదు, అందుకే 12.6 కనిపించింది. బరువు ఎత్తించకుండా ఎద్దు బలం ఎలా తెలుస్తుంది! మీటరు అబద్ధం చెప్పలేదు, నేను అడగాల్సిన చోట అడగలేదు.

మిగతా 7 వోల్టులు ఎక్కడ పోతున్నాయో పట్టుకోవడం అయిదు నిమిషాల పని. మీటరు ఒక మొన బ్యాటరీ ప్లస్ మీద, ఇంకోటి ప్యాడ్ ప్లస్ మీద పెడితే 0.2. ఫ్యూజు, రిలే, స్విచ్ అన్నీ కలిపి అంతే, బాగున్నట్టే. బ్యాటరీ మైనస్‌కీ ప్యాడ్ మైనస్‌కీ మధ్య పెడితే 6.9. తప్పంతా ఎర్త్ వైపే, అంటే కరెంటు బ్యాటరీ మైనస్‌కి తిరిగి వెళ్లే దారిలోనే ఉంది.

మామూలు కారులో బాడీ ఇనుముది, ఎక్కడ బోల్టు బిగించినా ఎర్త్ దొరుకుతుంది. ఫైబర్ బాడీలో కరెంటు పారదు. ప్రతిదానికీ ఛాసిస్ దాకా వైరు లాగాలి. మేం రెండు సీట్ల ఎర్త్ వైర్లనీ ఒకే లగ్గులో (వైరు చివర బోల్టుకి బిగించే లోహపు రింగు) కలిపి, గేర్ లివర్ కింద ఛాసిస్‌కి బిగించాం. ఆ లగ్గు మీద వేలు పెట్టబోయి వెనక్కి తీసుకున్నాను, చురుక్కుమంది. లగ్గు మీది ప్లాస్టిక్ తొడుగు అంచు గోధుమ రంగుకి తిరిగింది. నట్టు విప్పి చూస్తే లగ్గు కింద నల్లటి పౌడర్ కోటింగ్ నిగనిగలాడుతూ ఉంది. పెయింటు గీకకుండానే బిగించేశాం. బోల్టు మరలు రాసుకున్న చోట ఒక సన్నటి గీత మేర మాత్రమే ఇనుము తగులుతోంది. రెండు సీట్ల కరెంటూ ఆ గీత గుండానే పోవాలి.

లెక్క వేస్తే ఆ గీత దాదాపు 2 ఓములు. 5.3 వోల్టులకి 3 ఓముల సీటులో పుట్టే వేడి సుమారు 9 వాట్లు. పూర్తి 12 వోల్టులు అందితే 48 వాట్లు రావాలి. వోల్టేజి సగానికి పడితే వేడి సగం కాదు, నాలుగో వంతవుతుంది. ఆ లగ్గు దగ్గర మాత్రం పాతిక వాట్ల దాకా వేడి పుడుతోంది, అంటే రెండు సీట్లలో కలిపి పుట్టేదానికన్నా ఎక్కువ. ఫ్యూజు ఇలాంటిది పట్టుకోదు. కరెంటు ఎక్కువైతే ఫ్యూజు పోతుంది, ఇక్కడ తగ్గింది. అందుకే ఈ రకం తప్పంటే నాకు భయం. పక్కనే కార్పెట్ ఉంది.

ఎమ్రీ పేపర్‌తో ఇనుము తెల్లగా మెరిసేదాకా గీకి, పళ్ల వాషరు వేసి బిగించి, తుప్పు పట్టకుండా పైన పెయింటు పూశాను. కాలిన లగ్గు కోసేసి కొత్తది వైర్లకి నొక్కి బిగించాను. అదే చోటి నుంచి బ్యాటరీ మైనస్‌కి లావుపాటి వైరు ఒకటి విడిగా లాగాను. మళ్లీ రెండు సీట్లూ హైలో పెట్టి కొలిస్తే ఎర్త్ వైపు 0.06.

సీట్లు వేడెక్కాయి. నాన్న వైపుది మాత్రం మూడు నిమిషాలకి ఆగిపోయి, కాసేపాగి మళ్లీ మొదలవుతోంది. ఎర్త్ కొలిచాను, బాగుంది. ప్యాడ్‌లో థర్మోస్టాట్ ఉంటుంది, వేడి మితిమీరితే తెగి, చల్లారాక మళ్లీ కలుస్తుంది. మూడు నిమిషాలకే ఎందుకు తెగుతోందని కవర్ విప్పాను. సీటూ వీపూ కలిసే సందు దగ్గర ప్యాడ్ అంచు రెండు మడతలు పడి ఉంది, థర్మోస్టాట్ సరిగ్గా ఆ మడత పక్కనే ఉంది. మడత కింద స్పాంజి మీద బొటనవేలంత చోట పసుపు మరక మొదలైంది. ఇంతకాలం తొమ్మిది వాట్లకి ఈ మడత బయటపడలేదు. ఎర్త్ సరిచేశాకే దాని సంగతి తెలిసింది.

మడత విప్పి అదే ప్యాడ్ మళ్లీ పెట్టొచ్చు, వేడెక్కుతూనే ఉంది కదా అన్నాడు నాన్న. నేను ఒప్పుకోలేదు. ఆయనకి షుగరు, చర్మానికి స్పర్శ తగ్గితే కాలుతున్న సంగతి మనిషికి తెలియదు. ఒకసారి మడత పడిన చోట లోపలి తీగలు ఎలా ఉన్నాయో పైనుంచి చూడలేం. ఆ ఒక్క ప్యాడ్ కొత్తది వేశాను. ఈసారి సందుకి నాలుగు వేళ్ల ముందే ఆపి, అరచేత్తో సాపు చేసి అతికించాను. కవర్ తొడగకముందే పావుగంట ఆన్‌లో ఉంచి, ప్యాడ్ మీద అంగుళం అంగుళం చెయ్యి జరుపుతూ చూశాను. ఎక్కడా చురుక్కుమనలేదు, అంతటా ఒకేలా ఉంది. రిలేకి కరెంటు ఇగ్నిషన్ నుంచే వచ్చేలా మార్చాను, తాళం తీస్తే సీట్లూ ఆగిపోతాయి.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం బండి తీశాం. నాన్న తన స్విచ్ వేసుకున్నాడు. కొంత దూరం పోయాక నా వైపు చెయ్యి చాపి నా స్విచ్ కూడా నొక్కి, తన సీటు మీద అరచెయ్యి పెట్టి చూసుకున్నాడు.

"తగ్గలేదు," అన్నాడు.