పగటి వెలుతురే దీపం: డయా బీకన్

న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్ స్టేషన్‌లో హడ్సన్ లైన్ రైలెక్కి ఎడమవైపు కూర్చున్నాం. హడ్సన్ నది కనిపించేది అటే, తిరిగొచ్చేటప్పుడు కుడివైపు. సుమారు గంటన్నరకు బీకన్ ఊరు, అక్కణ్ణుంచి డయా బీకన్ అనే ఆధునిక కళల మ్యూజియానికి నడకే. న్యూజెర్సీ నుంచి కారులో వచ్చే మనవాళ్లకు ఒక మాట: భోంచేసి తీరిగ్గా బయల్దేరకండి. టికెట్టు ముందే తీసుకుని పొద్దున్నే వెళ్లండి.

ఎందుకంటే ఇక్కడ గ్యాలరీలకు దాదాపు పగటి వెలుతురే ఆధారం. 1929లో నబిస్కో బిస్కెట్ల కంపెనీ అట్టపెట్టెల మీద అచ్చువేయడానికి కట్టిన ఫ్యాక్టరీ ఇది. పైకప్పు రంపపు పళ్లలా ఉంటుంది. ఆ పళ్లకున్న అద్దాలు ఉత్తరానికి తిరిగి ఉంటాయి కనుక ఎండ నేరుగా లోపలికి దిగదు, గదంతా సమంగా వెలుగు పరుచుకుంటుంది. 2003లో మ్యూజియంగా తెరిచినప్పుడు ఆ కప్పునే నమ్ముకున్నారు. ఎంత మంచి నిర్ణయమో! చలికాలంలో మాత్రం త్వరగా మూసేస్తారు, వేళలు చూసుకోవాలి.

చిత్రకారిణి ఆగ్నెస్ మార్టిన్ గదిలో తొందరపడితే ఏమీ కనిపించదు. దూరం నుంచి పాలిపోయిన చతురస్రాలు, అంతే. దగ్గరికెళ్తేనే పెన్సిల్ గీతలు తేలుతాయి. మబ్బు పడితే మళ్లీ కరిగిపోతాయి. ఐదు నిమిషాలైనా నిలబడండి.

శిల్పి ఫ్రెడ్ శాండ్‌బ్యాక్ పనికి వాడింది అక్రిలిక్ నూలు పోగులు. నేల నుంచి కప్పుదాకా బిగించిన పోగుల మధ్య గాజుపలక ఉందనిపిస్తుంది, చెయ్యి దానంతటదే ముందుకెళ్తుంది. పిల్లల చెయ్యి వదలకండి.

ఎక్కువసేపు గడపాల్సింది శిల్పి రిచర్డ్ సెర్రా ఉక్కు గోడల దగ్గర. రేకు మందమే సుమారు 2 అంగుళాలు. నేలమీద ఒక దీర్ఘవృత్తం, పైఅంచున అదే కొలతలో ఇంకొకటి, కాకపోతే కొంచెం తిప్పి ఉంటుంది. దాంతో గోడ ఒకచోట మీదికి వాలుతుంది, నాలుగడుగులు వేస్తే వెనక్కి ఒరుగుతుంది. నిట్టనిలువు గీత దొరక్క కొందరికి తల తిరుగుతుంది. అప్పుడు నేలను చూస్తూ నడిస్తే సర్దుకుంటుంది. ముట్టుకోకూడదు. తుప్పు పొర మీద వేలిముద్రలు నిలిచిపోతాయి.

శిల్పి మైఖేల్ హైజర్ నేలలోకి దించిన 20 అడుగుల లోతు ఉక్కు గుంతలను కాస్త ఎడంగానే చూడాలి. ఆ లోతు ఫోటోలో రాదు. ఫోన్ జేబులో పెట్టుకోండి.