పప్పు ఒక పూట, బువ్వ ఒక పూట

గురువారం, జులై మొదటి వారం. రాత్రి పదిన్నర.

పొద్దున స్నానానికి పోయే ముందు కాంటా ఎక్కిన. 71.9. జూన్ మొదట్లో ఇదే కాంటా 74.6 చూపించింది. ఇరవై ఆరు రోజుల్లో రెండు కిలోల ఏడు వందల గ్రాములు. సంతోషంగానే ఉన్నది, ఎందుకు దాచుకోవాలె. నాకిప్పుడు నలభై మూడేండ్లు. మోకాళ్లు నొస్తున్నయి, బడిలో మేడ మెట్లెక్కితే ఆయాసం వస్తున్నది. పోయిన ఎండాకాలం రక్త పరీక్ష చేయించుకుంటే షుగర్ అంచు మీద ఉన్నదన్నరు. మా అమ్మకూ షుగరే, అమ్మమ్మకూ షుగరే. అమ్మమ్మ కాలి పుండు మానక ఎంత గోస పడ్డదో కండ్లారా చూసిన. అందుకే బరువు తగ్గాలన్న పట్టు నాకు గట్టిగానే ఉన్నది.

ఈ పద్ధతి చెప్పింది కరీంనగర్ వదినె. పప్పు, గుడ్డు, పాలు, మాంసం ఒక పూట. బువ్వ, రొట్టె, ఆలుగడ్డ ఇంకో పూట. రెండు రకాలూ ఒక్క పళ్లెంలో కలవద్దు, నడుమ నాలుగు గంటలు ఎడం ఉండాలె. కూరగాయలు మాత్రం దేనితోనన్నా తినొచ్చు. ఎందుకట్ల అంటే, ప్రోటీన్ అరగడానికి ఆమ్లం కావాలె, పిండిపదార్థం అరగడానికి క్షారం కావాలె, రెండూ ఒక్కసారి పడితే ఒకదాన్నొకటి విరగ్గొట్టి ఏదీ అరగక కొవ్వుగ మారుతయని చెప్పింది. వదినె ఐదు కిలోలు తగ్గి ముఖం తేటపడ్డది. నేనూ పట్టుకున్న. ఇరవై ఏండ్ల నుంచి పిల్లలకు జీవశాస్త్రం చెప్తున్న దాన్ని, ఆ కారణం నిజమా కాదా అని ఒక్కనాడు ఆగి ఆలోచించలేదు. కాంటా దిగుతుంటే అడగబుద్ధి కాలేదు.

టిఫిన్ బాక్సులో అత్తమ్మ బువ్వ, బీరకాయ కూర పెట్టింది. పెరుగు లేదు, పప్పు లేదు. వడ్డేపల్లి చెరువు కట్ట పక్క నుంచి స్కూటీ మీద పోతుంటే మొగులు కమ్ముకున్నది. ఉనికిచర్ల దాటంగనే తుంపర. చేన్లలో పత్తి మొలకలు రెండాకుల మీద ఉన్నయి. తడుస్తనే బడికి చేరుకున్న.

పదో తరగతికి మొదటి పాఠమే పోషణ. ఇయ్యాల లాలాజలం ప్రయోగం. ఏటా చేసేదే అయినా నాకిది చేసిన ప్రతిసారీ కొత్తగానే ఉంటది. మూడో పీరియడ్‌కు మధ్యాహ్న భోజనం వంటక్క బువ్వ వార్చిన గంజి ఇచ్చింది. నీళ్లు కలిపి పలుచగ చేసి, చల్లార్చి, మూడు పరీక్షనాళికల్లో పోసిన. మొదటిదాంట్లో టింక్చర్ అయోడిన్ ఒక్క చుక్క, పిండి ఉంటే నీలం చేసి చూపించేది. చుక్క పడ్డచోట సిరా ఒలికినట్టు నీలం విచ్చుకొని, కలిపేసరికి నాళికంతా నల్లనీలమైంది. వెనక బెంచీల పిల్లలు లేచి నిలబడ్డరు. రెండోదాంట్లో ఒక పిల్లగాడు తన లాలాజలం వేసిండు. మూడోదాంట్లో లాలాజలంతో పాటు సజల హైడ్రోక్లోరికామ్లం రెండు చుక్కలు వేసిన. పావుగంట ఆగినం. రెండోదాంట్లో అయోడిన్ వేస్తే నీలం రాలేదు, చుక్క ఎర్రగోధుమ రంగుల్నే తేలింది. పిండి చక్కెరగ మారిపోయింది. మూడోదాంట్లో మాత్రం మళ్లీ నీలం. ఆమ్లం తగిలితే లాలాజలంలో పిండిని అరిగించే ఎమైలేజ్ అనే ఎంజైమ్ పని ఆగిపోతదని చెప్పిన.

ముందు బెంచీ పిల్ల చెయ్యి ఎత్తింది. ఎప్పుడూ తక్కువ మాట్లాడే పిల్ల.

"మేడం, కడుపుల ఆమ్లం ఉంటది గద. మరి పప్పు కలుపుకొని తింటే బువ్వ అరగదా?"

చాక్‌పీసు చేతుల్నే ఉండిపోయింది. వదినె చెప్పిన మాటే అది. నాళికలో నీలం చూస్తే నిజమే అనిపిస్తది కూడా. కానీ ఆ పిల్లకు జవాబు చెప్పాలంటే బోర్డు మీద జీర్ణనాళం మొత్తం గీయాలె. గీసిన.

పప్పు లేకుండ ఒట్టి బువ్వ తిన్నా కడుపులో ఆమ్లం ఊరుతనే ఉంటది. వాసన చూసినా ఊరుతది, నమిలినా ఊరుతది. అది పప్పు వచ్చిందా బువ్వ వచ్చిందా అని చూసి ఊరేది కాదు. నోట్లో మొదలైన పిండి పని కడుపులో ఆగుతది, ఆగినంత మాత్రాన చెడిపోదు. ప్రోటీన్ పని అక్కడ పెప్సిన్ అనే ఎంజైమ్‌తో మొదలైతది. తర్వాత అంతా కలిసి ఆంత్రమూలంలోకి, అంటే చిన్నపేగు మొదటి భాగంలోకి దిగుతది. అక్కడ క్లోమం (ప్యాంక్రియాస్) నుంచి వచ్చే క్లోమరసంలోని బైకార్బొనేట్ అనే క్షారం ఆమ్లాన్ని విరగ్గొడ్తది. అదే రసంలో పిండికి ఎమైలేజ్, ప్రోటీన్‌కు ట్రిప్సిన్, కొవ్వుకు లైపేజ్ ఉంటయి. మూడూ ఒకే గ్రంథి నుంచి, ఒకే నాళంలో, ఒకే సమయంలో వస్తయి. రోజుకు లీటరుకు పైనే ఊరుతది క్లోమరసం. మన ఒంటికి కలిపి తినుడు కొత్త కాదు, కలిపి అరిగించుకునే ఏర్పాటు మొదటి నుంచే ఉన్నది. తల్లిపాలనే చూడండి, వంద మిల్లీలీటర్లలో దగ్గర దగ్గర 7 గ్రాముల చక్కెర, 1 గ్రాము ప్రోటీన్, దాంతోపాటు కొవ్వు.

ఇంత చెప్పి వెనక్కి తిరిగితే ఆ పిల్ల ఇంకో ప్రశ్నతో తయారుగ ఉన్నది. "మరి పప్పుల పిండి ఉంటదా మేడం?" ఉంటదని చెప్పిన. కందిపప్పు వంద గ్రాములల్లో 22 గ్రాముల దాకా ప్రోటీన్ అయితే, పిండిపదార్థం సగానికి పైనే. "మరి అయోడిన్ వేస్తే పప్పు కూడ నీలం అయితదా?" గంట కొట్టిండ్రు. రేపు చూద్దామన్న.

పన్నెండున్నరకు పిల్లలు వరండాలో పళ్లేలు పట్టుకొని కూర్చున్నరు. బువ్వ, పప్పు, మీద పోపు వాసన. ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా ఒక్కొక్కరికి రోజుకు బియ్యం 150 గ్రాములు, పప్పు 30 గ్రాములు లెక్క. ఇన్నేండ్లూ నేను దాన్ని రిజిస్టర్ లెక్కగానే చూసిన. ఇయ్యాల చూస్తుంటే వేరే తీరు కనపడ్డది. బియ్యం ప్రోటీన్‌లో లైసిన్ అనే అమైనో ఆమ్లం (ప్రోటీన్ కట్టే ముక్క) తక్కువ, పప్పులో అది దండిగ ఉంటది. పప్పులో మెథియోనిన్ అనే ఇంకో ముక్క తక్కువ, ఆ లోటు బియ్యం తీరుస్తది. గుడ్డు ఇచ్చే రోజు సరే, గుడ్డు లేని రోజు పెరిగే పిల్లలకు కండ పట్టేది ఈ కలిపిన ముద్దతోనే. అక్కడ పప్పన్నం వడ్డించుకుంట, నా బాక్సులో పప్పు లేని బువ్వ తింట నిలబడ్డ. మనసొప్పలేదు.

లీజర్ పీరియడ్‌లో ఈ పద్ధతి ఎక్కడ పుట్టిందో వెతికిన. విలియం హోవార్డ్ హే అనే అమెరికా డాక్టర్ తెచ్చింది. మూత్రపిండాల జబ్బుతో బాధపడి, తిండి మార్చుకొని బాగుపడ్డనని చెప్పి, 1920ల నుంచి అందరికీ ప్రచారం చేసిండు. 1940లో పోయిండు. అంటే వందేండ్ల కిందటి మాట మా వదినె ఫోన్ దాకా వచ్చింది. ఆయన మనుషులకు మైదా, చక్కెర తగ్గించుమన్నడు, కూరగాయలు, పండ్లు ఎక్కువ తినుమన్నడు. అది మంచి మాటే. ఆమ్లం, క్షారం లెక్కనే నిలబడలేదు.

దీన్ని సరిగ్గ తూచి చూసిన పరిశోధన కూడా ఒకటి దొరికింది. స్విట్జర్లాండ్‌లోని జెనీవాలో చేసిండ్రు, 2000లో అచ్చయింది. బాగ బరువున్న 54 మందిని రెండు గుంపులు చేసిండ్రు. ఇద్దరికీ రోజుకు దాదాపు 1100 కిలోకేలరీలే. ఒక గుంపుకు విడదీసి పెట్టిండ్రు, ఇంకో గుంపుకు కలిపి పెట్టిండ్రు. ఆరు వారాలకు విడదీసి తిన్నోళ్లు సగటున 6.2 కిలోలు, కలిపి తిన్నోళ్లు 7.5 కిలోలు తగ్గిండ్రు. ఆ తేడా కూడా లెక్కకు వచ్చేటంత కాదని రాసిండ్రు. విడదీసుడుతోని అదనంగ వచ్చిన లాభమేమీ లేదు.

మరి నేనెట్ల తగ్గిన? కాగితం తీసుకొని కూర్చున్న. ఇంతకుముందు రాత్రికి 120 గ్రాముల బియ్యం బువ్వ తినేదాన్ని, సుమారు 420 కిలోకేలరీలు. ఇప్పుడు రాత్రికి 40 గ్రాముల పప్పు, కూర. పప్పుకు 135 అనుకుందాం. రోజుకు దగ్గర దగ్గర 300 తగ్గినయి. ఇరవై ఆరు రోజులకు 7800. ఒక కిలో కొవ్వుకు 7700 లెక్క కాబట్టి, అందులో ఒక కిలో తిండి తక్కువైనందుకు తగ్గిందే. ఇక నాలుగు గంటల షాపు చాయ్‌తోని తినే రెండు బిస్కెట్లు, శనివారం మిర్చి బజ్జీలు కూడా బంద్ అయినయి, పాలతోని బిస్కెట్ కలవద్దు గదా. మిగిలింది ఎక్కువగ నీళ్లు. బువ్వ తగ్గితే ఒంట్లో దాచుకున్న పిండిపదార్థం, గ్లైకోజన్ అంటరు, అది తగ్గుతది, ఒక గ్రాము గ్లైకోజన్ మూడు గ్రాముల దాకా నీళ్లు పట్టుకొని ఉంటది. మళ్లీ బువ్వ తినంగనే ఆ నీళ్లు తిరిగొస్తయి. పప్పు, బువ్వ ఒకటినొకటి తాకకపోవడంతో కాదు, బువ్వ తక్కువైనందుకు తగ్గిన. ఆ కాగితం మడిచి బ్యాగులో పెట్టుకున్న.

ఇంటికొచ్చేసరికి వాన జోరుగ పడుతున్నది. వంటింట్లో సర్వపిండి వాసన. మా అమ్మగారింట్ల దీన్ని గిన్నప్ప అంటరు. బియ్యప్పిండి, నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, ఎల్లిపాయ, కారం. అత్తమ్మ గంజు అడుగున పిండి ముద్దను వేళ్లతో ఒత్తి పలుచగ పరిచి, చూపుడువేలుతో నడుమ నడుమ చిల్లులు పెట్టి, ఒక్కో చిల్లులో నూనె చుక్క వేస్తున్నది. పోయిన వారం కూడా వాననాడు చేసింది. అప్పుడు నేను "నాకొద్దు అత్తమ్మా, పిండీ పప్పూ కలిసినయి" అన్న. ఆమె ఏమీ అనలేదు. చేసిన రెండోదాన్ని తెల్లారి పొరుగింటికి ఇచ్చేసింది.

ఇయ్యాల ఒక ముక్క తుంచుకొని నోట్లో వేసుకున్న. అంచు కరకర, నడుమ మెత్తగ. అత్తమ్మ నా దిక్కు చూసి "గది కలిసిందే గద బిడ్డా" అన్నది. ఇక మీద కలిపే తింట, కొద్దిగ తింట అన్న.

బడి లాబ్ నుంచి అయోడిన్ సీసా తెచ్చుకున్న. రాత్రి వంటకు కందిపప్పు ఉడికింది, ఇంకా పసుపు వేయలేదు. పప్పు మీది కట్టు ఒక గరిటెడు సాసర్‌లోకి తీసి చల్లార్చి, ఒక్క చుక్క వేసిన. కట్టు నడుమ నల్లనీలం కండ్ల ముందటే విచ్చుకున్నది. అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని "అయ్యో, పప్పేంది గట్ల నల్లగైంది" అన్నది. పప్పులో ఉన్న పిండి అది, మీరు నాకు ప్రతి రాత్రి విడిగ పెట్టిన పప్పులో కూడా ఇంతే ఉన్నది అని చెప్పిన. సాసర్ పారబోసి సబ్బుతోని కడిగిన, అయోడిన్ కలిసిందాన్ని ఎవరూ ముట్టద్దు.

అప్పుడు అత్తమ్మ చెప్పింది ఒక మాట. ఈ నెల రోజులూ రాత్రి పప్పు నాకొక గిన్నె పక్కకు తీసేది కదా, మా ఆయనకూ చిన్నోనికీ పెట్టినంక ఆమెకు మిగలకపోయేదట. చారుతోనే తిన్నదట. "నీకు రాత్రికి అదే గదా తిండి, నీకు తక్కువ కావద్దని" అన్నది. డెబ్బై ఏండ్ల మనిషి. పళ్లు సగం లేవు, మాంసం నమలలేదు, గుడ్డు ముట్టదు. ఆమెకు ప్రోటీన్ అంటే ఆ పప్పే. నాకు తెల్వకుండ ఇరవై ఆరు రాత్రులు. నేను పక్క గదిలో నా గిన్నె నేను తింట ఉన్న. ఇది రాస్తుంటే కూడా గొంతు పట్టుకున్నట్టున్నది.

రాత్రి నలుగురం కింద చాప మీద కూర్చున్నం. అందరికీ పప్పు సరిపోయేటట్టు గిద్దెడు ఎక్కువే వేసినం. నేను ముందు ఆనిగెపుకాయ కూర ఒక గిన్నె నిండ తిన్న. దీనికి కారణం ఉన్నది. 2015లో న్యూయార్క్‌లోని వైల్ కార్నెల్ వైద్య కళాశాల వాళ్లు, షుగర్ ఉన్న 11 మందికి ఒక్కటే భోజనం రెండు తీర్ల పెట్టి చూసిండ్రు. కూరగాయలు, కోడిమాంసం ముందు తిని, పావుగంట ఆగి రొట్టె తిన్న రోజు, గంట తర్వాత రక్తంలో చక్కెర 37 శాతం దాకా తక్కువ వచ్చింది. పదకొండు మందే, చిన్న పరీక్షే. అయినా అంచు మీదున్న నాకు చేసి చూసేందుకు తగిన పని. ఎవరి నుంచి ఎవరినీ విడదీసేది లేదు, ఒక్క పళ్లెంలో కూర ముందు, బువ్వ వెనుక.

తర్వాత బువ్వ. ఇంతకుముందు తినేదాంట్లో సగం. దాని మీద ముద్దపప్పు, నెయ్యి చుక్క, పక్కన ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి పిసికిన పచ్చిపులుసు. ఇరవై ఆరు రోజుల తర్వాత పప్పూ బువ్వా ఒక్క ముద్దలో. అత్తమ్మ గరిటె పట్టుకొని "ఇంకింత పెట్టాల్నా" అన్నది. "నాకు చాలు, మీరు పెట్టుకోండి" అన్న. ఆమె పళ్లెంలో నేనే పప్పు వడ్డించిన.

రేపు వదినెకు ఫోన్ చెయ్యాలె. ఆమె తగ్గిన ఐదు కిలోలు ఆమె కష్టమే, దాన్ని తక్కువ చేసి మాట్లాడను. ఇంట్లో పెద్దోళ్ల పళ్లెంలోకి పప్పు పోతున్నదా లేదా అని మాత్రం అడుగుత.

పసుపు వేయకముందే ఇంకొంచెం పప్పు కట్టు తీసి చిన్న సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టిన, ముందు బెంచీ పిల్ల కోసం. కాగితం మీద "బడికి" అని రాసి అంటించిన, లేకుంటే అత్తమ్మ పొద్దుగాల చారులో కలిపేస్తది.