రాజీనామా దాకా వెళ్ళొచ్చాను

మెగా డీఎస్సీ 2025లో 16,347 పోస్టులు. మొదటిసారి రాసి ఎస్జీటీ, అంటే చిన్న తరగతుల టీచరు పోస్టు, కొట్టాను (ఇది చెప్పుకోకపోతే నాకు నిద్ర పట్టదు). సెప్టెంబరు 25న అమరావతిలో ఆర్డర్లు, అక్టోబరులో ట్రైనింగ్, మెళియాపుట్టి వైపు కొండమీద సవర గిరిజనుల ఊళ్ళో పోస్టింగ్. అన్నీ చకచకా అయిపోయాయి.

తనిఖీ రోజే నా పని అయిపోయింది. వచ్చిన సారు ఒకటో తరగతి గుంటడికి కోడి బొమ్మ చూపించి ఏమిటిదన్నారు. వాడు వాళ్ళ సవర భాషలో చెప్పాడు. సరిగ్గానే చెప్పాడని ఇప్పుడు తెలుసు, అప్పుడు నాకూ తెలీదు. "ఇన్నాళ్ళూ కోడి అనడం కూడా నేర్పలేదా? డీఎస్సీ ఎలా కొట్టావయ్యా?" అని లెసన్ ప్లాన్ పుస్తకం టేబుల్ మీద విసిరేశారు. ఏదీ, పాఠం చెప్పు చూద్దాం అన్నారు. సుద్దముక్క పట్టుకుంటే చెయ్యి వణికింది. గోడ పక్కన తల వంచుకుని నిలబడిపోయాను. అది చూసి పద్నాలుగుమంది పిల్లలూ లేచి, గోడవారగా నాలాగే తలలు వంచుకుని నిలబడ్డారు. ఆయన తిట్టినదాని కంటే అదే ఎక్కువ కోసింది. ఆ రాత్రే పాతపట్నంలో గదికొచ్చి రాజీనామా రాసేశాను.

అది జేబులో పెట్టుకునే కాంప్లెక్స్ మీటింగుకి, అంటే చుట్టుపక్కల బడుల టీచర్లందరం కలిసే చోటికి, వెళ్ళాను. పక్క ఊరి బడిలో టీచరు అక్క "ఏటి నాయినా, అన్నం తినవేటి?" అంది. అంతా కక్కేశాను. ఓదార్చలేదు. "నీ బడిలో సవరా, తెలుగూ రెండూ వచ్చిన పిల్ల ఎవర్తి?" అనడిగింది. నాకు తెలీదు. "అయితే రేపు ఆ పిల్లని పట్టుకో. ఆ తర్వాత రాజీనామా సంగతి చూద్దాం."

నాలుగో తరగతి పిల్ల దొరికింది. ఆ పిల్ల సవరలో చెప్తుంది, నేను తెలుగులో అంటాను, చిన్నవాళ్ళు రెండూ అంటారు. రోజూ సాయంత్రం అక్కకి ఫోన్. గిడుగు రామమూర్తి పంతులు సవర నేర్చుకుని, ఆ పిల్లల కోసం పుస్తకాలు రాసింది మన పక్కనున్న పర్లాకిమిడిలోనే. నూరేళ్ళు దాటినా మాకు ట్రైనింగులో ఒక్క సవర మాట చెప్పలేదు, యాప్‌లో హాజరు వేయడం మాత్రం మూడుసార్లు చెప్పారు.

కొత్తగా చేరేవాళ్ళకి చెప్తున్నా: పై ఆఫీసులో ఎవరినీ ఏమీ అడక్కండి. పక్క బడిలో పదేళ్ళు చేసినవాళ్ళ ఫోన్ నంబరు తీసుకోండి.

జీతం పడింది. అక్కకి చీర కొంటానంటే తిట్టింది, పిల్లలకి పలకలు కొనమంది. పద్నాలుగు కొన్నాను.