నాలుగు ఆకారాల పాట

ఇల్లు ఆల్ఫారెట్టాలో, ఆఫీసు అట్లాంటా నడిబొడ్డున. జార్జియా 400 హైవే మీద గడిచే గంటల కోసం పాడ్‌కాస్టులు మొదలుపెట్టాను. అమెరికా జానపద సంగీతం మీద ఒకటి దొరికింది. ఆఫ్రికా నుంచి బానిసలుగా వచ్చినవాళ్ల చేతుల్లో బాంజో పుట్టిన కథ, అపలాచియన్ కొండల్లో నిలిచిపోయిన స్కాట్లాండ్ గాథాగీతాలు అందులోనే విన్నాను. ఒక రోజు జానపద గీతాలు సేకరించిన అలన్ లోమాక్స్ 1959లో అలబామాలోని ఫైఫ్‌లో రికార్డు చేసిన పాట వినిపించారు. వాద్యం లేదు. గొంతుల్లో మార్దవం లేదు. ఎవరూ గొంతు తగ్గించరు. ఆ సాయంత్రం ఇంటి ముందు కారు ఆపి కూడా దిగలేకపోయాను.

దాన్ని షేప్ నోట్ గానం అంటారు. ఏడు స్వరాలకు నాలుగే పేర్లు: ఫా సోల్ లా ఫా సోల్ లా మి. పుస్తకంలో ఒక్కో పేరుకు ఒక్కో ఆకారం: ఫా త్రిభుజం, సోల్ గుండ్రం, లా చతురస్రం, మి వజ్రాకారం. ఆకారం చూసి స్వరం పట్టేయొచ్చు కాబట్టి సంగీతం నేర్చుకునే వీలులేని పల్లెజనం కూడా నాలుగు వేర్వేరు బాణీలను ఒకేసారి కలిపి పాడగలిగారు. ఉత్తరాది పట్టణాల సంగీత గురువులు ఇది మోటు అని పక్కన పెట్టారు. దక్షిణాది పల్లెలు వదల్లేదు. వాళ్ల ప్రధాన భక్తిగీతాల పుస్తకం ‘ద సేక్రెడ్ హార్ప్’ 1844లో వచ్చింది. కూర్చిన బి.ఎఫ్. వైట్, ఇ.జె. కింగ్ ఇద్దరూ అప్పటికి మా జార్జియాలో ఉన్నవాళ్లే.

పడమటి జార్జియాలో ఒక చిన్న చర్చిలో రోజంతా పాడతారని తెలిసి వెళ్లాను. ట్రెబుల్, ఆల్టో, టెనర్, బేస్ అనే నాలుగు గొంతుల వాళ్లు నాలుగు వైపులా ఎదురెదురుగా కూర్చుంటారు. మధ్య ఖాళీలో ఒకరు నిలబడి చేత్తో తాళం వేస్తారు. ఆ చోటు అందరికీ వంతులవారీగా వస్తుంది. ప్రతి పాటనూ ముందు స్వరాలతో, తర్వాత మాటలతో పాడతారు. మా పాపకు కర్ణాటక సంగీతం టీచర్ గీతాలు నేర్పేదీ అలాగే. అక్కడ ప్రేక్షకులుండరు, రిహార్సలూ ఉండదు. నా మతమేమిటని ఎవరూ అడగలేదు. పుస్తకం చేతికిచ్చి, పక్కన చోటిచ్చారు. ఆఫీసు మీటింగుల్లో ప్రతి వాక్యాన్నీ లోపల ఒకసారి అనుకుని గాని మ్యూట్ తీయను. అక్కడ మాత్రం తప్పో ఒప్పో గొంతెత్తి పాడాను.

మధ్యాహ్నం చెట్ల కింద బల్లల మీద అందరూ తెచ్చిన వంటలు. దానికి ముందు స్మరణ ఘట్టం ఒకటుంటుంది. ఆ ఏడాది పోయినవాళ్ల పేర్లు చదివి, వాళ్ల కోసం పాడతారు. ఎవరి పేరైనా ఇవ్వొచ్చన్నారు. మా పెదనాన్న ఒంగోలులో పోతే సెలవు దొరక్క వీడియో కాల్‌లోనే చివరి చూపు చూశాను. ఆయన పేరు రాసిచ్చాను. చదివిన పెద్దాయన ముందు నా దగ్గరికొచ్చి ఎలా పలకాలో అడిగి, రెండుసార్లు అని చూసుకున్నాడు. తర్వాత అంతమందీ పాడుతుంటే పెదనాన్న చావు నాకు అప్పుడే నిజమైంది.

రికార్డింగులో ఈ సంగీతం సగమే వినిపిస్తుంది. ఆ మధ్య ఖాళీలో నిలబడితే నాలుగు వైపుల నుంచీ వచ్చి ఒంటికి తగులుతుంది. అట్లాంటా చుట్టుపక్కల ఉన్నవాళ్లు ఒకసారి వెళ్లండి. టికెట్ ఉండదు, పుస్తకం వాళ్లే ఇస్తారు. కొత్తగా వెళితే టెనర్ వరసలో కూర్చోండి, పాట అసలు బాణీ సాధారణంగా వాళ్ల దగ్గరే ఉంటుంది.