ఐస్‌క్రీమ్ కప్పు సంగతి

రాత్రి పదకొండున్నర. జపాన్‌లో క్యోటో. ముగ్గురూ పడుకున్నారు. చిన్నోడు ఎప్పటిలాగే మంచానికి అడ్డంగా, ఈయన మిగిలిన జానెడు చోట్లో. గదిలో లైటు వేస్తే వాడు లేస్తాడు కాబట్టి నేను బాత్రూమ్‌లో తలుపేసుకుని కూర్చుని ఇది టైప్ చేస్తున్నాను.

రోజంతా నారాలో తిరిగాం. అసలైతే జింకల గురించి రాయాలి. బిస్కెట్ చూపిస్తే తల వంచి దండం పెడతాయి. చిన్నోడు ప్రతి జింకకీ తిరిగి దండం పెట్టాడు, బిస్కెట్లు అయిపోయాక కూడా. ఒకటి నా చున్నీ కొస నమిలేసింది. తోదాయ్‌జీ గుడిలో 15 మీటర్ల బుద్ధుడిని చూశాం. బాగుంది. కానీ నన్ను నిద్రపోనివ్వనిది ఐస్‌క్రీమ్ కప్పు.

జపాన్‌లో చెత్తబుట్టలు కనిపించవని వచ్చేముందే అందరూ చెప్పారు. "అయినా ఎంత శుభ్రమో చూడు" అని మురిసిపోయాను కూడా. ఆరో రోజుకి అదే నోటితో వేరే మాటలొస్తున్నాయి. 1995లో టోక్యో మెట్రోలో సారిన్ విషవాయువు దాడి జరిగాక స్టేషన్లలో చాలా బుట్టలు ఎత్తేశారు. సరే, భయపడ్డారు. నారా పార్కులో అయితే జింకలు బుట్టల్లో మూతి పెడతాయని తీసేశారు. అదీ సబబే. మరి మూడేళ్ల పిల్లాడి డైపర్ సంగతేంటి?

డైపర్ మార్చే గది మాత్రం మెరిసిపోతోంది. మెత్తటి బల్ల, పాలు కలుపుకోడానికి వేడినీళ్లు, గోడ మీద నవ్వుతూ ఏదో చెబుతున్న ఎలుగుబంటి బొమ్మ. ఏం చెబుతోందా అని ఫోన్‌లో చదివించాను. "వాడిన డైపర్లు ఇంటికి తీసుకెళ్లండి." ఇంటికా? మా ఇల్లు కొండాపూర్‌లో ఉందమ్మా.

మధ్యాహ్నానికి నా బ్యాగులో ఉన్నవి ఇవీ: ముడేసిన రెండు డైపర్ కవర్లు, అరటి తొక్క, తడి టిష్యూలు, జ్యూస్ డబ్బా, నాలుగు ఒనిగిరి (అన్నం ముద్ద) కవర్లు. చేప రసం ఎందులో కలిపారో తెలియక మేం ధైర్యంగా తినేది ఉమెబొషి పెట్టిన ఒనిగిరి ఒక్కటే. ఆ ఊరబెట్టిన పండు మన ఉప్పు నిమ్మకాయకి మేనత్త వరస అవుతుంది. ఈయన్ని కాసేపు డైపర్లు మోయమంటే, ఆయన బ్యాగులో కెమెరా ఉందట, వాసన పడుతుందట. కెమెరాకి ముక్కుందా అని అడిగాను. జవాబు లేదు. అక్కడి నుంచి స్టేషన్ దాకా మాటల్లేవు.

స్టేషన్ దగ్గర పిల్లలు ఐస్‌క్రీమ్ అడిగారు. పెద్దది చక్కగా తినేసింది. చిన్నోడు సగం తిని, సగం స్ట్రాలర్‌కి పూసి, కప్పు నా చేతిలో పెట్టాడు. ఆకుపచ్చగా మోచేతి దాకా కారుతోంది. లిఫ్ట్ చూస్తే అటు చివరెక్కడో ఉంది. పక్కనే కూల్‌డ్రింకుల మెషీన్, దానికి ఆనుకుని ఒక డబ్బా. డబ్బాకి రెండు గుండ్రటి రంధ్రాలు, పైన సీసా బొమ్మ, క్యాన్ బొమ్మ. చదువు రానివాళ్లకి కూడా అర్థమవుతుంది. నేను కప్పుని నలిపి, మెలిపెట్టి, సీసాల రంధ్రంలోకి తోశాను. సగంలో ఇరుక్కుంది. బొటనవేలితో పొడిచాను. పడింది.

"అమ్మా, అది బాటిల్స్‌కి కదా" అంది పెద్దది. గట్టిగా కాదు, ఎవరూ వినకూడదన్నట్టు మెల్లగా.

"పద పద, రైలొచ్చేస్తుంది" అన్నాను. రైలుకి ఇంకా పన్నెండు నిమిషాలుంది.

పొద్దున అదే పిల్లకి పార్కులో నిలబెట్టి క్లాసు పీకాను. 2019లో ఇక్కడ చనిపోయిన కొన్ని జింకల పొట్టలు తెరిస్తే ప్లాస్టిక్ కవర్లు బయటపడ్డాయి, ఒకదాని పొట్టలో అయితే నాలుగు కిలోల పైనే, అందుకని చిన్న కాగితం ముక్క కూడా కింద పడేయకూడదు అని. అది కళ్లు పెద్దవి చేసుకుని వింది.

రైలెక్కాక నాన్నమ్మ గుర్తొచ్చింది. వేసవి సెలవుల్లో విశాఖ నుంచి రైల్లో వస్తుంటే అందరికీ అడ్డాకుల్లో పులిహోర పెట్టేది. తినడం అయ్యాక ఆకులన్నీ ఒకదాంట్లో ఒకటి మడిచి, కిటికీ ఊచల్లోంచి ఒడుపుగా విసిరేది. "గాలి చూసుకుని విసరాలే, లేకపోతే వెనక కిటికీలో వాళ్ల మొహాన పడుద్ది" అని మాకు నేర్పించింది కూడా. రాజమండ్రి దగ్గర గోదావరి బ్రిడ్జి రాగానే కొంగు ముడి విప్పి, మా అందరికీ తలా ఒక బిళ్ల ఇచ్చేది. ఊచల మధ్య చేయి దూర్చి మేం వేసిన బిళ్లలు బ్రిడ్జి ఇనుముకి తగిలి ఖణేల్మనేవి. నాన్నమ్మది మాత్రం ఎప్పుడూ నీళ్లలోనే పడేదని తన నమ్మకం. ఆకు విసిరిన చేత్తోనే బిళ్ల వేసి, అదే చేత్తో దండం పెట్టుకునేది. ఆవిడకి అందులో తప్పేమీ కనిపించేది కాదు. నాకూ కనిపించలేదు.

అప్పుడవి ఆకులు కదా, ఏ మేకో తినేది అని ఇందాక సర్ది చెప్పుకున్నాను. కానీ ఆ ఆకులతో పాటే టీ తాగిన ప్లాస్టిక్ కప్పులూ వెళ్లేవి. అవీ నాన్నమ్మ చేత్తోనే. కాబట్టి ఆ వాదన చెల్లదు.

అసలు ఇంతలా ఆలోచించాల్సిన విషయమేనా? ఆ డబ్బాలో అప్పటికే ఎవరివో రెండు కాఫీ గ్లాసులు కనిపించాయి. నేనొక్కదాన్నే కాదు. బుట్ట పెట్టకపోవడం వాళ్లది, బరువు మోయడం మనదీనా? ఇలా అనుకుంటే కాసేపు హాయిగా ఉంది. అంతలోనే పార్కు బెంచీ మీద చూసిన ముసలాయన గుర్తొచ్చాడు. బెంటో తిన్నాడు, ఖాళీ డబ్బాకి మూత పెట్టాడు, రబ్బరు బ్యాండు మళ్లీ టక్కుమని దాని చుట్టూ వేశాడు, కవరులో చుట్టి బ్యాగులో పెట్టుకున్నాడు. రబ్బరు బ్యాండు కూడా! ఇద్దరు పిల్లలతో వచ్చి ఉంటే ఆయనేం చేసేవాడో చూడాలని ఉంది. ఏమో, అప్పుడూ అదే చేసేవాడేమో.

ఇందాక బట్టలు మడతపెడుతుంటే పెద్దదాని జేబులో జింక బిస్కెట్ల కట్టకి చుట్టిన కాగితం పట్టీ దొరికింది. అది జింకలు తిన్నా ఏమీ కాని కాగితమని బోర్డు మీద చదివి పొద్దున దానికి చెప్పింది నేనే. అయినా పడేయలేదు, నాలుగు మడతలు పెట్టి దాచింది. ఐస్‌క్రీమ్ తిన్న చెక్క చెంచా కూడా ఉంది, జేబు లోపలంతా జిగురు చేసి.

హోటల్ గదిలో చెత్తబుట్ట లడ్డూల డబ్బా అంత ఉంది. డైపర్లతోనే నిండిపోయింది. కప్పు సంగతి ఈయనకి చెప్పలేదు, ఇది చదివి తెలుసుకుంటారు. రేపు ఫుషిమి ఇనారి గుడికి, జనం రాకముందే వెళ్లాలని ఐదున్నరకి అలారం పెట్టారు. డైపర్లు మూడే మిగిలాయి.