చింతచెట్టు తొర్రలో పగిడికంటె

గుడ్లగూబను ఫొటో తీయాలంటే రాత్రంతా అడవిలో జాగరం చేయాలని చాలామంది అనుకుంటారు. పగిడికంటె విషయంలో ఆ అవసరం లేదు. గోరువంక కంటే కాస్త పొట్టిగా, 21 సెంటీమీటర్ల పొడవుండే ఈ చిన్న గూబ, చలికాలపు ఉదయాల్లో తొర్ర ముందు కూర్చుని ఎండ కాగుతుంది. అందుకే డిసెంబరు, జనవరి నెలల్లో పొద్దు పొడిచే వేళకు నేను వికారాబాద్ వైపు పల్లెల్లో, పాత చింతచెట్ల కిందికి చేరుకుంటాను.

వెతకవలసింది ముందు కొమ్మల్లో కాదు, నేల మీద. చెట్టు మొదట్లో సున్నం చిలికినట్టు తెల్లని రెట్ట కనిపిస్తే, దాని పక్కనే వేలి కొనంత ఉండలు కూడా దొరుకుతాయి. గూబలు తమకు అరగనివాటిని అలా ఉండచుట్టి నోటి గుండా కక్కేస్తాయి. ఒక ఉండను ఈనెపుల్లతో విప్పితే అందులో పేడపురుగుల నల్లని రెక్కల డొప్పలు, మిడత కాలి ముక్క, వాటి నడుమ నారింజ రంగు పళ్ళు ఊడకుండా నిలిచిన చిట్టెలుక దవడ బయటపడ్డాయి. ఉండలు లేని చోట ఉడుతలను, చీలిన తోకతో నల్లగా ఉండే ఏట్రింత పిట్టలను నమ్ముకోవాలి. పగటిపూట గూబ కంటపడితే అవి ఊరుకోవు, గోల చేసి దాని చోటు పట్టిస్తాయి.

నా మొదటి చలికాలంలో ఒక తప్పు చేశాను. ఫ్రేము నిండా పక్షి పడాలన్న ఆశతో రెండు రోజులు వరుసగా తొర్రకు ఆరేడు మీటర్ల దూరంలో నిలబడ్డాను. పక్షి తలను పైకీ కిందికీ ఊపుతుంటే ముచ్చటపడ్డానే తప్ప, అది నన్ను చూసి బెదురుతోందని గ్రహించలేదు. మూడో రోజు తొర్ర ఖాళీ. అక్కడే మేకలు కాసుకుంటున్న పెద్దాయన, "పొద్దుగాల్నే వచ్చి దాని వాకిట్ల నిలబడితే అదెట్ల ఉంటది బిడ్డా?" అన్నాడు. దక్షిణాదిలో వీటి గూడు కట్టే కాలం నవంబరు నుంచే మొదలవుతుందని నాకు అప్పటికి తెలియదు.

ఇప్పుడు పాతిక మీటర్లకు తగ్గకుండా, 500 మిల్లీమీటర్ల లెన్సుతో, ఏదో ఒక చెట్టు చాటున కూర్చుంటాను. ఫ్లాష్ వాడను. రికార్డు చేసిన కూత అసలే వినిపించను. తన హద్దులోకి మరో గూబ వచ్చిందని భ్రమపడి ఆ పక్షి చేస్తున్న పని వదిలి వస్తుంది. చెట్టు ఎక్కడుందో కూడా చెప్పను. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం ఉన్నా, దీపావళి దగ్గరపడితే క్షుద్రపూజల కోసం గూబలను పట్టి అమ్మేవాళ్ళు ఉంటూనే ఉన్నారు.

తల మీది తెల్లని చుక్కలు స్పష్టంగా పడాలన్నది ఫొటోలో నా పట్టుదల. దీనికి దగ్గరి పోలిక ఉన్న అడవి పగిడికంటెకు తల మీద చుక్కలు దాదాపు ఉండవు; 1884 తర్వాత 113 ఏళ్ళు జాడ తెలియని ఆ పక్షిని 1997లో మహారాష్ట్రలో తిరిగి గుర్తుపట్టడానికి ఇలాంటి తేడాలే ఆధారమయ్యాయి.

మొన్న ఆదివారం ఐఎస్ఓ (కెమెరా వెలుతురును పట్టే సున్నితత్వం) 1600 దగ్గర, సెకనులో 250వ వంతు షట్టర్ వేగంతో నాకు చుక్కలు చక్కగా పడ్డాయి. పక్షి ఒక కన్ను మూసి, రెండో పసుపుపచ్చని కంటితో నా వైపే చూస్తోంది. దాని జత తొర్రలోంచి తల బయటపెట్టింది కానీ, చింతమండ నీడ సరిగ్గా ముఖానికి అడ్డంగా పడింది. సంక్రాంతి సెలవుల్లో మళ్ళీ వెళ్ళాలి.